ఇక్కడే పుట్టిన బిడ్డ

పొద్దున పదకొండింటికి పసిపిల్లల వార్డులో ఆక్సిజన్ సన్నగిల్లింది. పిల్లల వైద్యంలో శిక్షణ ఆఖరి ఏడాదికి వచ్చిన చిన్న డాక్టరమ్మ, మూడు రోజుల ఆడబిడ్డ మొహానికి మాస్కు ఆనించి, రబ్బరు సంచి నొక్కుతూ నలభై నిమిషాలు గాలి కొట్టింది. పక్కనున్న ఇద్దరు బిడ్డలకూ సిస్టరూ ఆయమ్మా అలాగే గాలి కొట్టి ప్రాణం నిలబెట్టారు. ఈ బిడ్డ మాత్రం ఆమె చేతుల్లోనే నీలంగా మారి చల్లబడింది.

పెద్ద డాక్టరు వచ్చాడు. బిడ్డ వంక చూడనైనా లేదు. కేసు షీటు అందుకున్నాడు.

"'ప్రాణం మీదికి వచ్చాక తెచ్చారు' అని రాసి సంతకం పెట్టు."

"సార్, గొట్టంలో గాలి..."

"రెండు నెలల్లో నీ పరీక్ష. మార్కులు వేసేది ఎవరు?"

తొమ్మిదేళ్ల చదువు, కనిపించినవాళ్లందరికీ "మా అమ్మాయి డాక్టరు" అని చెప్పుకునే నాన్న, అన్నీ ఆమె కళ్ల ముందు గిర్రున తిరిగాయి. పెన్ను తీసింది. రాయబోయింది కూడా. పెద్దవాళ్లకు దోషి కావాలి. పేద తల్లి కన్నా తేలిగ్గా దొరికే దోషి ఎవరు?

ఆ బిడ్డ తల్లి గుమ్మంలోనే ఉంది. పచ్చి బాలింత, గోడ పట్టుకుని నిలబడింది.

"ఆలస్యంగా తెచ్చానా? ఇక్కడే కన్నాను కదమ్మా! ఎక్కడి నుంచి తెచ్చాను?"

చిన్న డాక్టరమ్మ 'గొట్టంలో ఆక్సిజన్ లేక చనిపోయింది' అని రాసింది. పెద్ద డాక్టరు ఆ కాగితాన్ని పర్రున చింపి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం డ్యూటీ గది కిక్కిరిసింది.

"సర్టిఫికెట్లు చేతికొచ్చాక మాట్లాడదాం," అన్నాడు తోటి డాక్టరు.

"వచ్చాక క్లినిక్కు అంటావు. తర్వాత పిల్లల చదువులంటావు," సిస్టరు కస్సుమంది. "ఆక్సిజన్ గొట్టం బాగు చేయించమని నాలుగుసార్లు రాశాను. నాలుగూ బీరువాలో మూలుగుతున్నాయి."

"ఒక్కదానివే రాశావు, మూలన పడేశారు," అంది ఆయమ్మ. "అందరూ కలిసి రాయండి, గేటుకు అంటించి అక్కడే కూర్చుందాం. నాకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తా."

"మరి లోపల పిల్లలు?" అన్నాడు తోటి డాక్టరు.

"పని నిమిషం కూడా ఆగదు," అంది సిస్టరు. " డ్యూటీలో ఉన్నవాళ్లు వార్డులో, లేనివాళ్లు గేటు దగ్గర."

"నాకు భయంగా ఉందక్కా," అంది చిన్న డాక్టరమ్మ.

"మాకు లేదనుకున్నావా?" అంటూ సిస్టరు, బిడ్డ ఎలా పోయిందో రాసిన కాగితం ఆమె ముందుకు జరిపింది.

మొదటి సంతకం ఆమెదే. నాలుగింటికి ముప్పై రెండు సంతకాలతో, పదకొండు వేలిముద్రలతో ఆ కాగితం ఆసుపత్రి గేటుకెక్కింది. అయిదింటికి పోలీసు జీపు వచ్చింది. చిన్న డాక్టరమ్మ జనాన్ని రెచ్చగొట్టిందని కేసు. ఆమెను జీపు ఎక్కించారు. దిగి, తప్పయిపోయిందని పెద్ద డాక్టరు కాళ్ల మీద పడితే?

ఇంజను గుర్రుమంది గానీ బండి కదల్లేదు. ఆమె తల ఎత్తి చూసింది. చక్రాల ముందు తల్లులు చంటిపిల్లలతో బైఠాయించారు. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి అందరికన్నా ముందుంది. ఆమె పక్కన తెల్లకోటుతో తోటి డాక్టరు.

"లేస్తారా, అందర్నీ ఎక్కించమంటారా?" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"ఎక్కించండి," అంది తల్లి.

అతను ఇంకో బండి పంపమని ఫోను చేశాడు.

"ఒకటి చాలదు సార్," అంది ఆయమ్మ, చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చుంటూ. "లోపల డ్యూటీ దిగాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు."