ఇనుప బిళ్ళ

బల్ల తుడుద్దామని పెట్టె ఎత్తాను. అడుగు వెచ్చగా తగిలింది.

చేపల చెరువులో తేలుతూ ఆక్సిజన్ కొలిచే పెట్టె అది. బ్యాటరీ మార్చడానికి మూత తీసినప్పుడల్లా లోపలికి నీళ్ళు పోయి పాడవుతోందని, తీగ లేకుండా ఛార్జయ్యేట్టు చేస్తానని మా ఆయన నెల్సన్, కలిదిండి ఊరి రైతులకు మాటిచ్చారు. పెట్టె అడుగున ఒక రాగితీగ చుట్ట, గట్టు మీద ఉంచే పీటలో ఒకటి. పెట్టెను పీట మీద పెడితే చాలు. రెండు చుట్టలూ అన్నం ఉడికేలోపు నేను చుట్టినవే. ఎలక్ట్రికల్ డిప్లొమా నాది, షాపు బోర్డు మీద పేరు ఆయనది.

ఇంట్లో బల్ల మీద పెట్టి చూస్తే, పీటకు వంద పాళ్ళ కరెంటు ఇస్తే పెట్టెకు నలభై అందుతోంది. మిగతాది ఎటు పోతోందో తెలియక వారంగా విసుక్కుంటున్నారు. నా చేతికి తెలిసింది. గాలికి బోల్తా పడకుండా, బరువుకని పెట్టెలో చుట్ట మీదే ఇనుప బిళ్ళ బిగించారు. చెరువులో ఏది దింపినా ఇనుము కట్టడం ఇక్కడి అలవాటు. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నెలా ఆ బిళ్ళ కాగుతోంది.

"ఏవండీ, బిళ్ళ తీసేసి బరువుకి ఇసుక పోద్దామండీ."

"నువ్వు పప్పు మాడకుండా చూడు చాలు."

మామగారు పేపరు దించకుండానే నవ్వారు. "ఇంజినీరమ్మ గారు ఇవాళ మనకి అన్నం పెట్టేట్టు లేరురా."

వాళ్ళు చర్చికి వెళ్ళాక నేనే మార్చాను. డెబ్బై రెండు. మీటరు రెండుసార్లు చూశాను. తిరిగొచ్చి ఆయనా చూశారు. "సెట్ చేశాను నాన్నా!" అన్నారు. ఎలా పెరిగిందో నన్నడగలేదు. నేనూ చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఇలాగే.

మర్నాడు రైతు అబ్బాయిరాజు గారి చెరువు గట్టు మీద నేను అందరికీ టీలు అందిస్తుంటే, మూత అతికించే ముందు ఆయన లోపల ఇసుక చూశారు. "ఇంట్లో ఆడాళ్ళు చెయ్యి పెడితే ఇంతేనండి," అంటూ గట్టున పారబోసి బిళ్ళ బిగించారు. రైతులు నవ్వారు. మీటరు నలభై ఒకటి దగ్గర ఆగింది.

"ఈమాత్రానికి తీగే నయం కదండీ," అన్నారు అబ్బాయిరాజు గారు. "వద్దులెండి."

మా ఆయన నా పక్కకు వచ్చి గొంతు తగ్గించారు. "ప్రభా, ఆ టీలు ఇచ్చేసి, ఎవరూ చూడకుండా ఓసారి..."

టీ పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టాను. అందరి ముందూ కూర్చుని బిళ్ళ ఊడదీశాను. గట్టు మీది ఇసుక దోసిళ్ళతో ఎత్తి పోశాను.

మీటరు ఎక్కుతుంటే అబ్బాయిరాజు గారు వంగి చూశారు. "ఇదంతా నీకెలా తెలుసమ్మా?"

"చేసింది నేనేనండి. ఇక మీదట చెడితే నాకే చెప్పండి."