తిరుగు కవరు

నేను ఒక ఖాకీ కవర్ని. నా మీద స్టాంపులు ముందే అంటించి, చిరునామా ముందే రాసిపెట్టారు. నన్ను తిరుగు కవరు అంటారు. పుస్తకం అచ్చు వెయ్యమని ప్రచురణకర్తకు పంపేవాళ్ళు, ఒకవేళ నచ్చకపోతే తిప్పి పంపడానికని, సొంత అడ్రసు సొంత చేత్తో రాసి నన్ను కూడా లోపల పెడతారు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమంటే ఇదే. పుస్తకం అచ్చయితే నాకు పనిలేదు. నాకు పని పడిందంటే ఆ ఇంట్లో ఏడుపే. ఇలాంటి పుట్టుక పగవాడికి కూడా వద్దు.

నిడదవోలులో ఒక స్టేషనరీ కొట్టులో మైదా జిగురుతో నా అంచులు అంటించారు. నన్ను కొన్నది మంగతాయారు టీచరు. బళ్ళో డ్రాయింగు చెబుతుంది, యాభై దాటిన మనిషి, ఒంటరిది. గడప దాటేటప్పుడల్లా ఖాళీ ఇంటివైపు తిరిగి "వెళ్ళొస్తా" అనేది. ఎవరికి చెబుతోందా అని నాకు మొదట్లో నవ్వొచ్చింది. సంగతి తెలిశాక మళ్ళీ నవ్వలేదు.

ఆవిడకో అక్క ఉండేది, అలివేలు. ఏడేళ్ళప్పుడు ఒక పొద్దున "అమ్మా, వెళ్తా" అని కాలవవైపు పరిగెత్తింది. వెళ్తా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి. ఎవరు నోరు జారినా ఆ తల్లి ఆపి మళ్ళీ అనిపించేదట. ఆ రోజు మాత్రం పిండి రుబ్బుతూ ఊరుకుంది. పిల్ల తిరిగి రాలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. తాయారమ్మ నలభై ఏళ్ళు ఆ మొహం గీసి చించి, గీసి చించి, చివరికి ఒక్కసారి పట్టుకుంది. ఆ మొహంతోనే పిల్లల బొమ్మల పుస్తకం వేసింది. ఎర్రగళ్ళ గౌను పాప ఒక పేజీలో "వెళ్ళొస్తా" అని గడప దాటుతుంది, తర్వాతి పేజీలో జామకాయతోనో కోడిపిల్లతోనో తిరిగొస్తుంది. పుస్తకమంతా ఇంతే.

జెరాక్సు తీయించి అదే పంపమని తోటి టీచరు చెప్పింది. "అందులో మా అక్క మొహం మసి కొడుతుంది" అని తాయారమ్మ వినలేదు. చేత్తో వేసిన బొమ్మలే పంపేసింది. నన్ను మడిచి చివరి పేజీ పక్కన పెట్టింది.

విజయవాడలో సంపాదకులు పురుషోత్తంగారికి బొమ్మలు తెగ నచ్చాయి. ఇక నా బతుకు చెత్తబుట్టకే అనుకుని సంతోషించాను కూడా. అయితే ఆయనకో చాదస్తం ఉంది. చిన్నపిల్లల పుస్తకంలో ఒత్తులు ఎంత తక్కువైతే అంత మేలంటారు. మధ్యాహ్నం ఎర్రపెన్సిలు తీసి, మొదటి పేజీ నుంచి చివరిదాకా, "వెళ్ళొస్తా" అని ఉన్న చోటల్లా కొట్టేసి "వెళ్తా" అని దిద్దారు.

దిద్దినప్పుడల్లా పక్క పేజీలో ఏదో కదిలినట్టయింది. ఫ్యాను గాలి అనుకున్నాను. చివరి దిద్దుబాటు అయ్యాక నా మడతలోకి చల్లగా ఏదో దూరింది. ముందు ఒక చిన్న చెయ్యి, తర్వాత మోకాలు. అరుద్దామంటే నాకు నోరుంది గానీ గొంతు లేదు.

ఆయన కాఫీ తాగి వచ్చి పేజీలు మళ్ళీ తిప్పారు. గడప దాటే పేజీల్లో పాప ఉంది. తిరిగొచ్చే పేజీల్లో తెరిచిన తలుపుంది, గడప మీద జామకాయ ఉంది, కోడిపిల్ల ఉంది. పాప లేదు.

"నాగరత్నంగారూ, ఈ బొమ్మల్లో పాప ఏదండీ?"

ప్రూఫులు చూసే నాగరత్నం వచ్చి తొంగిచూసింది. "అయ్యో, పొద్దున్న ఉందండీ! ఎర్రగౌను పిల్ల. మా మేనకోడలు గుర్తొచ్చింది కూడా."

"మీదంతా భ్రమ" అన్నారాయన. పేజీలు మాత్రం గభాలున బోర్లించేశారు. చదువుకున్నవాళ్ళు భయపడితే ఉత్తరం రాస్తారు. "బొమ్మలు అసంపూర్తిగా ఉన్నవి. పాపను గీసి పంపగలరు" అని రాసి, అన్నీ కలిపి నాలో పెట్టి, గబగబా అంటించేశారు.

పోస్టాఫీసులో ముద్ర కొట్టే మనిషి "వానా లేదు వరదా లేదు, ఈ కవరు తడిగా ఉందేంటి?" అని నన్ను చొక్కాకి తుడిచాడు.

తాయారమ్మ గుమ్మంలో నిలబడే నన్ను చింపింది. ఎర్ర గీతలు చూసింది, ఖాళీ గడపలు చూసింది. "ఎవరు దిద్దమన్నారు? ఈ మాటని ఎవరు దిద్దమన్నారు?" అంటూ ప్రతి పేజీలోనూ "వెళ్ళొస్తా" అని తిరగరాసింది. పాప రాలేదు. కుంచె పట్టింది. ఆ మొహం చేతికి చిక్కలేదు. "ఈసారి నా చేత్తో నేనే పంపించేశానే అక్కా" అని నేలమీద కూలబడి ఏడ్చింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

నన్ను నలిపి పారెయ్యబోయి ఆగింది. వేళ్ళు తడిశాయి. నా మూతి విప్పి లోపలికి చూసింది.

నా అడుగున ఎర్రగళ్ళ గౌనుతో, తడిజడతో, మోకాళ్ళు ముడుచుకుని అలివేలు పైకి చూస్తోంది. ఆ మాట కొట్టేశాక ఆ పుస్తకంలో తిరిగి ఇంటికి వచ్చే దాన్ని నేనొక్కదాన్నే. ఆ పిల్ల నాలో దూరి తన దారి తను చూసుకుంది.

పుస్తకం అచ్చు కాలేదు. తాయారమ్మ దాన్ని మళ్ళీ ఎక్కడికీ పంపలేదు. నేను అలమరలో ఉంటాను, నా మూతి తెరిచే ఉంటుంది. ఎండాకాలంలో కూడా నా అడుగు ఆరదు. ఆవిడ రోజూ "వెళ్ళొస్తా" అంటుంది. నాలోంచి "వెళ్ళిరా" అని వినిపిస్తుంది. అలవాటైందంటే అబద్ధం, ఇప్పటికీ నాకు వణుకే.

మొన్న మంగళవారం బడికి ఆలస్యమై, తాళంచెవి వెతుక్కుంటూ, "వెళ్తా" అని గడప దాటేసింది.

"వెళ్తా కాదే" అంది నాలోంచి ఏడేళ్ళ గొంతు, అచ్చం వాళ్ళమ్మ గదమాయింపుతో. "వెళ్ళొస్తా అను."

తాయారమ్మ ఠక్కున ఆగింది. వెనక్కి తిరిగి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, ఐదేళ్ళ పిల్లలా ఆ మాట అంది. సాయంత్రానికి తిరిగి వచ్చింది.