ఆరనివ్వని పొయ్యి

పాడి ఆవును ఒక పూట పిండకపోతే ఆవు జబ్బు పడుతుంది. నడి చలికాలంలో పెరటి తొట్టి పొయ్యి ఒక రోజు వెలిగించకపోతే తొట్టికీ అదే గతి.

తువోవికి ఈ సంగతి బాగా తెలుసు. మా ఉత్తరపు మంచుదేశంలో, సరస్సు ఒడ్డున ఆమె పెరట్లో, నలుగురు మెడదాకా మునిగి కూర్చునే వేడినీళ్ళ కర్ర తొట్టి ఉంది. నీళ్ళు చొరబడని ఇనప పొయ్యి తొట్టిలోనే మునిగి ఉంటుంది, కట్టెలు వేసే నోరూ పొగగొట్టమూ మాత్రం పైకి ఉంటాయి. నీళ్ళు గడ్డకడితే ముందు పొయ్యి చీలుతుంది, తర్వాత పలకలు. ఆ తొట్టి కట్టిన మొగుడు రెయో వేసవి చివర్లో ఔలు పట్నం వెళ్ళి, అక్కడ ఇంకో ఆడమనిషి ఇంట్లో స్థిరపడ్డాడు. బట్టలూ, గాలాలూ పట్టుకుపోయాడు. తొట్టిని ఎత్తుకుపోలేడు కదా.

మంచు పడకముందే నీళ్ళు వదిలేస్తే పీడా పోయేది. ఆమె వదల్లేదు. ఎందుకంటే శనివారాలున్నాయి. ఏళ్ళ తరబడి శనివారం సాయంత్రం ఎదురొడ్డు నుంచి విల్హో, అతని పెళ్ళాం సిస్కో వచ్చేవాళ్ళు. ఆవిరిగదిలో ఒళ్ళు కడుక్కుని, నెత్తిన ఉన్ని టోపీలతో నలుగురూ తొట్టిలో కూర్చుని, సాసేజీలు తింటూ, ఊళ్ళో అందర్నీ ఉతికి ఆరేసేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ పిలిచింది లేదు. మా వైపు పిలుపులుండవు, వచ్చేవాడు వస్తాడు. రమ్మని ఫోను చేయడమంటే నాకెవరూ లేరని చాటింపు వేసుకోవడమే. తువోవి ఆ పని చేసే మనిషి కాదు. వాళ్ళు వచ్చేసరికి నీళ్ళు వెచ్చగా ఉంటే చాలనుకుంది.

అందుకని రోజూ మూత మీది మంచు ఊడ్చి, బిర్చి కట్టెలు రాజేసి, పాత తెడ్డుతో నీళ్ళు కలిపేది. కలపకపోతే పైన తోలు ఊడే వేడి, అడుగున కాళ్ళు కొంకర్లు పోయే చలి. తగ్గిన నీళ్ళు సరస్సు మంచులో కొట్టిన బొక్క నుంచి బకెట్లతో మోసేది. ఆ బొక్క కూడా తెల్లారేసరికి మూసుకుపోయేది. మళ్ళీ గొడ్డలి తీయాల్సిందే. ఒకసారి తనే తొట్టిలోకి దిగింది. ఎదురు బల్ల ఖాళీ. కాసేపు కూర్చుని, ఎటు చూడాలో తెలియక లేచి వచ్చేసింది.

శనివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. విల్హో వలలు చూసుకోవడానికి మంచు మీద స్కీలతో పోతూ, ఇటు తిరిగి కర్ర ఎత్తేవాడు. ఆమె చెయ్యి ఎత్తేది. అతను పోయేవాడు. ఓసారి కొట్లో సిస్కో ఎదురై, ఆమె బుట్టలోని పెద్ద సాసేజీ పొట్లం చూసి, ఆకలి బాగానే వేస్తున్నట్టుందే అని నవ్వి, ఇంకేం అడక్కుండా వెళ్ళిపోయింది. మొగుడు వదిలేసినదాన్ని చూస్తే జనం తప్పుకుంటారు కాబోలనుకుంది తువోవి.

ఫిబ్రవరిలో చలి కొరుక్కు తింటున్న రోజుల్లో ఒక ఉదయం కట్టెలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. ఎవరి కోసం? లోపలికెళ్ళి, పెరటి వైపు కిటికీకి తెర దించి, కాఫీ కాచుకుంది. పగిలితే పగలనీ.

మర్నాడు పొద్దున్నే విల్హో వచ్చాడు. స్కీలు గోడకానించి, గడ్డానికి పట్టిన మంచు దులుపుకుని లోపలికొచ్చాడు. ముందు చలి గురించి చెప్పాడు, తర్వాత వలలో పడని చేపల గురించి. రెండో కప్పు కాఫీకి గాని అసలు మాట రాలేదు.

"నిన్న పొగ లేదు," అన్నాడు.

"లేదు."

"వాడు వెళ్ళిపోయాడా?"

"రెయోనా? వేసవిలోనే పోయాడుగా. నీకిప్పుడు తెలిసిందా?"

"వాడు కాదు. కొత్తవాడు."

తువోవి కప్పు కింద పెట్టింది. "ఏ కొత్తవాడు?"

విల్హో తన మేజోళ్ళకేసి చూసుకుంటూ చెప్పుకొచ్చాడు. ఒంటరి మనిషికి రోజూ తొట్టి దేనికి? శనివారమే కాదు, సోమవారం కూడా పొగే. ఎవడో మగాడు చేరాడని సిస్కో తేల్చేసింది. వాళ్ళిద్దరి మధ్య పానకంలో పుడకల్లా పోయి కూర్చోవడం ఏం మర్యాద? పొట్లం చూశాక ఇక అనుమానమే లేదట. మనిషి తిండిపోతు కూడానట.

"కట్టెలు కొట్టేది నేనే కదా విల్హో. అక్కణ్ణుంచి కనబడలేదా?"

"కనబడింది. బద్ధకస్తుణ్ణి తెచ్చిపెట్టుకుంది పాపం అని సిస్కో వాణ్ణి తిట్టింది కూడా."

మీ కోసమే వెలిగించానని తువోవి చెప్పలేదు. గడ్డకట్టకుండా వెలిగించానంది. అదీ నిజమే.

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. నీళ్ళ మీద వేలి మందాన మంచు పేరుకుంది గాని పొయ్యి ఇంకా చీలలేదు. రాజేస్తే దక్కుతుందన్నాడు విల్హో. ఆమె వద్దంది, రోజూ మోయడం ఇక తనవల్ల కాదంది. కెటిల్‌తో వేడినీళ్ళు పోసి అడుగు బిరడా వదులు చేశారు. ఆ చలికి చన్నీళ్ళే పొగలు కక్కుతూ, మంచును కోసుకుంటూ సరస్సు వైపు పారాయి. తువోవి అటు చూడలేకపోయింది. పలకలు ఎండి సందులు పడతాయని, ఎండలొచ్చాక నానబెట్టుకోవాలని విల్హో ఏదో చెబుతూనే ఉన్నాడు.

చివరికి స్కీలు కట్టుకుని, "వస్తాంలే ఎప్పుడైనా. సిస్కో కూడా అంటోంది," అన్నాడు.

ఈ మాటకి సరే అనడమే మర్యాద. తువోవి సరే అనబోయింది.

"ఏ రోజు?" అంది.

విల్హో కట్టిన పట్టీ విప్పి మళ్ళీ కట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్నెవరూ అలా అడిగి ఉండరు.

"ఎల్లుండి," అన్నాడు. "తొట్టిలో నీళ్ళు లేవుగా మరి?"

"కుర్చీలున్నాయి," అంది తువోవి.