సమాధానం కావాలి

పెళ్లయి నలభై రోజులు దాటినా, గ్యాస్ లైటర్ ఒక్క నొక్కుకే వెలిగితే రవళికి ఇంకా సంతోషమే. ఇస్నాపూర్‌లో మల్లయ్య ఇంటి మేడ మీద ఒక గది, ఒక వంటగది, రెండు కుర్చీలు పట్టే వసారా. అదీ వాళ్ల కాపురం. హైవే మీద లారీ పోయినప్పుడల్లా అల్మారాలో గిన్నెలు సన్నగా మోగేవి. ఆ మోత కూడా ఆమెకు బాగుండేది.

చంద్రకాంత్ పైపుల కంపెనీలో క్వాలిటీ చెకింగ్ చేస్తాడు. పెళ్లయ్యాక వచ్చిన మొదటి జీతంతో స్టీలు టిఫిన్ డబ్బా కొని, మూత మీద పేరు చెక్కించుకొచ్చాడు. తీరా చూస్తే అతని పేరు కాదు. ‘రవళి’ అని ఉంది.

“డబ్బా పోతే ఎట్ల చందూ? మీ కంపెనీల రవళి ఎవరని తెచ్చిస్తరు?” అంది.

“పోతే పోనీ. మధ్యాహ్నం మూత తీసేటప్పుడు నీ పేరు కనవడాలె గద.”

ఆ రోజు నుంచి ఆ మూతకు పీచు తగలనివ్వలేదు రవళి. వేళ్లతోనే తోమేది.

ఇంత సంతోషంలో ఒక్కటే ముల్లు. అది తనకు తానే గుచ్చుకున్నది.

పోయిన శుక్రవారం పొద్దున్న పెళ్లి చీరను కాసేపు గాలికి ఆరవేద్దామని డాబా మీదికి తీసుకెళ్లింది. సంగారెడ్డి చర్చిలో ఆ చీరతోనే చంద్రకాంత్ పక్కన నిలబడింది. తెల్ల పట్టు, సన్నటి వెండి జరీ, అంచు పొడుగునా మల్లెమొగ్గలు. దండెం మీద పరిచి, క్లిప్పులు పెట్టి, కూరగాయలకు వెళ్లింది. బెండకాయలు ఏరుతుండగానే వాన అందుకుంది. పరుగెత్తుకొచ్చేసరికి దండెం మీద చీర లేదు. మెట్ల గదిలో, రెయిలింగు మీద, పొందికగా మడిచి ఉంది. చుక్క తడి లేదు. క్లిప్పులన్నీ ఒక కవర్లో వేసి ఉన్నాయి. కొంగు మీద మాత్రం ఐదు పసుపు వేళ్లు.

ఆ వేళ్లు కింది ఇంటి కౌసల్యవి. మల్లయ్య భార్య. శుక్రవారం కదా, గడపకు పసుపు రాస్తూ వాన చూసి, ఆ చేతులతోనే పైకి ఉరికింది. ఇది రవళికి చూడగానే అర్థమైంది. అర్థమయ్యాక కూడా కోపం ఆగలేదు. సబ్బు పెట్టి రుద్దింది. పసుపు పోవడం మాట అటుంచి, వేళ్లు ఐదూ కుంకుమ ఎరుపు తిరిగాయి. ఆ చీర పట్టుకుని కిందికి దిగింది.

“గడపలకు పూసుడు చాలలేదా ఆంటీ? మా బట్టలకు గూడ పూయాల్నా మీ పసుపు? ఏం పిచ్చి ఇది!”

కౌసల్య మొదట బిత్తరపోయింది. తరువాత ఆమె మొహం మారింది.

“పెండ్లికి తెల్లచీర కట్టేటోళ్లకు పసుపు విలువ ఏం తెలుస్తది!” అని తలుపు వేసుకుంది.

ఆ మాట రవళికి గుచ్చుకుంది. సాయంత్రం చంద్రకాంత్ రాగానే భుజం మీద వాలి ఏడ్చింది. అతను తల నిమురుతుంటే ఏడుపు ఇంకా తీయగా అనిపించింది. ఆ తీపిలోనే నోరు జారింది.

“కావాలనే చేసింది చందూ. నా కండ్లతోటి చూసిన.”

చూడలేదు. ఆ సమయానికి ఆమె బెండకాయల బండి దగ్గర ఉంది.

చంద్రకాంత్ పెళ్లికి ముందు మూడేళ్లు ఆ గదిలోనే ఒంటరిగా ఉన్నాడు. జ్వరం వస్తే కౌసల్యే జావలాంటి జొన్న గట్క కాచి పైకి పంపేది. అలాంటివాడు ఆ సాయంత్రం కిందికి వెళ్లి, “మా సామాన్లు ముట్టకుండ్రి. గిట్లనే చేస్తే రూమ్ ఖాళీ చేస్తం” అని మల్లయ్య మొహం మీద చెప్పి వచ్చాడు.

ఆదివారం పటాన్‌చెరు చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రకటన చేశారు. “వచ్చే ఆదివారం ప్రభుబల్ల. ఎవరితోనైనా మాటపట్టింపు ఉన్నవాళ్లు ఈ వారంలో వెళ్లి సమాధానపడండి. తేలిక మనసుతో రండి.”

పోయిన నెల బల్ల రోజున చంద్రకాంత్‌కు డ్యూటీ పడింది. అంటే పెళ్లయ్యాక ఇద్దరూ పక్కపక్కన మోకరించి రొట్టె, ద్రాక్షారసం అందుకోబోయేది ఇదే మొదటిసారి. రవళి ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తోంది. ఏ చీర కట్టుకోవాలో కూడా ఎప్పుడో అనుకుంది. ఇప్పుడు ఆ చీర మీద ఐదు ఎర్రటి వేళ్లు, నాలుక మీద ఒక అబద్ధం.

రోజూ పొద్దున్నే మోకరించి దేవుడికి చెప్పుకునేది. లేచేసరికి మనసు దూదిపింజలా ఉండేది. దేవుడు క్షమించాడన్న విషయంలో ఆమెకు అనుమానమే లేదు. నిన్న క్షమించాడు, ఇవాళ అదే తప్పు మళ్లీ చెప్పుకుంటే విసుక్కోకుండా మళ్లీ క్షమిస్తున్నాడు. కానీ బిందె పట్టుకుని కిందికి దిగితే నల్లా దగ్గర కౌసల్య మొహం తిప్పుకునేది. అంతే, దూదిపింజ తడిసి బరువెక్కేది. పైన అంత క్షమ దొరుకుతుంటే, పదమూడు మెట్లు దిగి కొంచెం కింద ఇవ్వడానికి తనకేం కష్టమో ఆమెకే తెలియలేదు. ఆ తెల్లచీర మాట ఇంకా సలుపుతూనే ఉంది మరి.

మంగళవారం పొద్దున్న దోశ వేస్తూ వేస్తూ, పెనం వైపే చూస్తూ చెప్పేసింది.

“చందూ, నేను చూడలే. ఆంటీ వానకు తడవొద్దని తీసింది. నీకు అబద్ధం చెప్పిన.”

దోశ మాడింది. చంద్రకాంత్ చేయి చాచి స్టవ్ ఆర్పాడు. ఆ కాసేపట్లో రవళికి పెళ్లి నాటి నుంచి పోగేసుకున్న సంతోషాలన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నట్టు అనిపించింది.

“మల్లయ్య అంకుల్‌ను గంత మాట అన్న నేను,” అన్నాడు చివరికి. “నువ్వు చూసినవంటేనే అన్న.”

“తెలుసు. నన్ను స్క్రాప్ డబ్బాల వేస్తవా?”

అతనికి నవ్వు వచ్చింది. ఆపుకోబోయాడు గానీ ఆగలేదు. “వెయ్య. మల్ల సక్కగ చెయ్యనీకి రీవర్క్‌కు పంపిస్త.”

“ఎన్నిసార్లు పంపిస్తరు?”

“మా కంపెనీల ఒక్క పీసుకు రెండే సార్లు. ఇంట్ల గట్ల రూల్ పెట్టుకుంటే నేను గూడ బతకనే!” అని మాడిన దోశను తన కంచంలోకి లాక్కున్నాడు. “అంకుల్‌కు నేను చెప్పుకుంట. ఆంటీకి మాత్రం నువ్వే చెప్పాలె.”

రవళి రెండుసార్లు దిగింది. రెండుసార్లూ తలుపు మూసే ఉంది. బుధవారం ఇక లాభం లేదని ఫోన్ తీసుకుని, చర్చిలో నేర్చుకున్న మర్యాదైన తెలుగులో మెసేజ్ రాసి పంపింది:

‘ఆంటీ, శుక్రవారం జరిగిన దాని గురించి నాకు మీతో సమాధానం కావాలి. ఆదివారం లోపల సమాధానపడాలి. అంతవరకు నేను బల్ల దగ్గరికి వెళ్లలేను.’

పంపాక చాలా తేలికనిపించింది. ఆ రోజు సాంబారులో ఉప్పు కూడా సరిగ్గా కుదిరింది.

గురువారం పొద్దున్నే కింది నుంచి మల్లయ్య పిలుపు. “రవళమ్మా! జెర కిందికి రా బిడ్డా. సమాధానం చెప్తం.”

వాకిట్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక దాంట్లో మల్లయ్య అన్న పెద్దరాములు, కొత్తగా ఉతికిన తువ్వాల భుజాన వేసుకుని, కౌసల్య ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో మల్లయ్య, గడప మీద కౌసల్య. డ్యూటీకి బయలుదేరుతున్న చంద్రకాంత్ టిఫిన్ డబ్బాతో సహా రవళి వెనకే దిగాడు.

పెద్దరాములు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, సమాధానం కావాలన్నవ్. ఆదివారం దాకా టైమిచ్చినవ్. ఏం సమాధానం చెప్పాల్నో అడుగు, మావోళ్లు చెప్తరు. గని గీ బల్ల ఏంది? ఏ బల్ల? పోలీస్ స్టేషన్ల రైటర్ బల్లనా?”

“స్టేషనా?” రవళి నోరు తెరిచింది.

“ఆదివారం దాకా బల్ల దగ్గరికి పోనని రాసినవ్,” అంది కౌసల్య గడప మీద నుంచే. “అంటే సోమవారం పోతవన్నట్టేనాయె! వాన పడ్తదని చీర తీసినందుకు కేసు పెడ్తవా? రాత్రి గీయన బువ్వ గూడ సక్కగ తినలే.”

రవళి చంద్రకాంత్ వైపు చూసింది. అతను టిఫిన్ డబ్బా మూత వైపు చూస్తూ పెదవి కొరుక్కుంటున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“అయ్యో, గది కాదు ఆంటీ!” రవళికి ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. “మా దాంట్ల సమాధానం అంటే జవాబు కాదు. శాంతి. కొట్లాట మరిచి కలిసిపోవుడు. బల్ల అంటే చర్చిల ప్రభుబల్ల. మనసుల కోపం పెట్టుకుని దాని దగ్గరికి పోవద్దు. మీతోటి కలిసిపోవాలనే రాసిన.”

పెద్దరాములు ఫోన్‌ను ఇంకాస్త దూరం పెట్టి మళ్లీ చదివాడు.

“గా ముక్కే రాయొచ్చు గద! సమాధానమంట, బల్లంట. నేను పాలు పితుకుడు ఇడిసి ఉరికొచ్చిన!”

మల్లయ్య మొదట నవ్వాడు. కౌసల్య నవ్వలేదు. అది చూసి, నవ్వుల్లో విషయం జారిపోకముందే రవళి వెళ్లి గడప కింది మెట్టు మీద కూర్చుంది.

“ఆంటీ, మీరు కావాలనే చేసిన్రని మా ఆయనకు అబద్ధం చెప్పిన. గందుకే ఆయన వచ్చి అంకుల్‌ను అట్లన్నడు. తప్పు ఆయనది కాదు, నాది. మీ పసుపును గూడ తిట్టిన. మాఫ్ చెయ్యుండ్రి.”

కౌసల్య గడప అంచున ఎండిన పసుపును గోటితో గీరుతూ కూర్చుంది. “అబద్ధం సంగతి ఏమో గని, పసుపును అన్నవ్ చూడు, గది మాత్రం మనసుకు తాకింది. గీ గడప మీదికెల్లే నా బిడ్డను అత్తగారింటికి పంపిన.” గీరడం ఆపి, “నా నోరు మాత్రం మంచిదా? తెల్లచీర అని ఎంత మాట అన్న! పెండ్లయినంక నువ్వు గా చీరల మెట్లెక్కి పోతుంటే కొంగలెక్క ఎంత సక్కగున్నదో అని గీయనతోని అన్నది నేనే.”

“కొంగ గాదే, హంస అన్నవ్,” అన్నాడు మల్లయ్య.

“ఏదో ఒకటి, తెల్లగుంటది!”

ఈసారి కౌసల్యే ముందు నవ్వింది. రవళి ఆమె చేయి పట్టుకుంది. ఆ తెల్లచీర మాట లోపల ఎక్కడుందా అని వెతుక్కుంది. ఉంది, కానీ సలపడం లేదు. “నేను గూడ మాఫ్ చేసిన ఆంటీ,” అంది మెల్లగా.

“మల్ల తిట్టవ్ గద?”

“తిట్టనని అనుకుంట. గని...”

“తిడ్తే తిట్టు. మల్ల మాఫ్ చేస్త. ఏం జేస్త, కిందా మీదా ఉండేటోళ్లం.”

చంద్రకాంత్ మల్లయ్య దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయాడు. మల్లయ్య అతని వీపు మీద ఒక్కటి వేసి, “డ్యూటీకి టైమైతలేదా?” అన్నాడంతే.

చీర తెప్పించుకుని చూసి కౌసల్య తల కొట్టుకుంది. “పసుపు మరకకు సబ్బు పెడ్తరా ఎవరన్న? గందుకే ఎర్రగైంది. మంచినీళ్లల్ల జాడించి ఎండకెయ్యి. ఎండకు పసుపు నిలువది. గని ఒక్కరోజుల పోదు, రోజూ వెయ్యాలె.”

గురువారం వేశారు. శుక్రవారం వేశారు. శనివారం మబ్బు పట్టింది. మధ్యాహ్నం ఒక గంట ఎండ వస్తే, కౌసల్యే చేతులు కడుక్కుని, తను కట్టుకున్న చీర కొంగుకు తుడుచుకుని, అరచేతులు రెండువైపులా తిప్పి చూపించి మరీ పైకి వెళ్లింది.

ఆదివారానికి ఎరుపు పోయింది. ఐదు వేళ్లూ లేత వెన్నరంగులో, తెలిసినవాళ్లకే కనిపించేలా మిగిలాయి.

“మడతల పెట్టి పిన్ను కొట్టు, కనవడది,” అంది కౌసల్య కుచ్చిళ్లు సర్దుతూ.

“ఉండనీయ్ ఆంటీ. మంచిగనే ఉన్నది.”

చర్చిలో ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. రొట్టె అందుకుంటున్నప్పుడు చంద్రకాంత్ మోచేయి ఆమె మోచేతికి తగిలింది. ఆ చిన్న తాకుడుకు కూడా రవళి దేవుడికి విడిగా వందనాలు చెప్పుకుంది.

మంగళవారం మళ్లీ గొడవ వచ్చింది. రవళి మోటార్ వేసి మరిచిపోయింది. ట్యాంకు పొంగి, కింద ఆరవేసిన ఎండుమిరపకాయలన్నీ తడిశాయి. కౌసల్య వాకిట్లో నిలబడి ఇస్నాపూర్ అంతా వినేలా అరిచింది. రవళి ఉరికి మోటార్ ఆపి, వసారా గోడ మీద నుంచి తల బయటికి పెట్టింది.

కౌసల్య అరుపు మధ్యలో ఆపి తల పైకెత్తింది. “ఏందే, సమాధానమా?”

“సమాధానమే ఆంటీ! మిరపకాయలు నేను ఏరుత, వస్తున్న!” అని రవళి పదమూడు మెట్లూ గబగబా దిగింది.