కోత పండుగలో వేలం పోయిన గిటారు

1983 అక్టోబరులో, పార్సిప్పనీలోని మా తెలుగు చర్చి కోత పండుగలో, ఒక హెవీ మెటల్ బ్యాండు గిటారును పొరపాటున వేలం వేశాం. ఆ బ్యాండు పైకొచ్చింది అందువల్లే. నమ్మకపోతే నాకేం నష్టం లేదు.

బ్యాండు పేరు రస్టీ బాయిలర్. నలుగురు కుర్రాళ్లు, నడుం దాకా జుట్టు. శనివారాలు చర్చి బేస్‌మెంట్‌లో ప్రాక్టీసు చేసేవారు. వాళ్లు మొదలెడితే బయట రోడ్డు మీది కార్లు వాటంతట అవే గేరు మార్చుకునేవట. అతిశయోక్తి. నేను చూసింది రెండు కార్లనే.

ఆ శనివారం బేస్‌మెంట్‌లోకి వాననీళ్లు వచ్చాయని, గిటారిస్టు డెన్నిస్ తన గిటారును పైకి తెచ్చి ప్రసంగ వేదికకు ఆనించి వెళ్లాడు. మర్నాడు మావాళ్లు దాని చుట్టూ గుమ్మడికాయలు, గోంగూర కట్టలు, అరిసెల డబ్బాలు పేర్చారు. కోత పండుగనాడు అక్కడున్నదల్లా దేవుడికి తెచ్చిన కానుకే. ఆరాధన కాగానే వేలం వేయాలి. వేలం వేసే కృపావరం చేతికి ఏది తగిలినా వదలడు. కిందటేడు పాస్టరుగారి గొడుగు అలాగే పోయింది.

"ఒకటోసారి... రెండోసారి... ఏంటండీ, ఎవరికీ అక్కర్లేదా?"

దేవుడి సామాను మిగలకూడదని నర్సు కరుణమ్మ చెయ్యెత్తింది. మూడోసారి.

మూడు గంటలకు డెన్నిస్ వచ్చాడు. ఐదింటికి నెవార్క్‌లో రికార్డు కంపెనీ ఆయన ముందు వాయించాలి. ఆరేళ్లుగా ఎదురుచూసిన పిలుపు. అది తప్పితే వాళ్ల నాన్న టైర్ల షాపే గతి. అతనికున్నది ఆ ఒక్క గిటారే.

"మేడమ్, అది నాది."

"నిన్నటిదాకా నీది బాబూ. దేవుడి సన్నిధిలో పాడుకున్నది వెనక్కివ్వను."

పాస్టరు సత్యానందంగారు కల్పించుకున్నారు. "పొరపాటు జరిగిందమ్మా."

"పొరపాటు కృపావరంది, అయ్యగారూ. నేనెందుకు దిద్దాలి?"

డెన్నిస్ గుమ్మడికాయ మీద కూలబడి ఏడ్చాడు. కరుణమ్మ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

"ఇవ్వను గానీ, వాయించుకోనిస్తా. నేను పక్కనే ఉంటా. డ్రైవ్ చేసేదెవరు?"

నెవార్క్‌లో స్టేజి మధ్యలో ఆవిడకి కుర్చీ వేశారు. కరుణమ్మ తెల్లచీరలో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగుతో, గిటారు మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. వాళ్ల మోతకి పైకప్పు సున్నం రాలి జుట్టంతా తెల్లబడినా రెప్ప వేయలేదు.

వాయింపు అయ్యాక కంపెనీ ఆయన అడిగాడు. "పాటలు సరే. ఆవిడెవరు?"

"గిటారు ఆవిడదే సార్."

"ప్రతి షోకీ వస్తుందా? వస్తేనే సంతకం."

నలుగురూ కరుణమ్మ వైపు తిరిగారు. ఆవిడ బ్యాగులోంచి డ్యూటీ కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, నిదానంగా చదివింది.

"మంగళవారాలు కుదరదు. మిగతావి చూస్తా."

ఐదేళ్లు, ముప్ఫైయొక్క రాష్ట్రాలు, మంగళవారం ఒక్క షో లేదు. మొదటి రికార్డు వచ్చినప్పుడు ఒక పత్రికవాడు ఆవిణ్ణి తెల్లచీర మృత్యుదేవత అని రాశాడు. కరుణమ్మ మండిపడింది.

"మృత్యువా? రెండువేల కాన్పులు చేశాన్రా!"

రెండో రికార్డు అట్ట మీద, ఎవరేం వాయించారో రాసే చోట, నలుగురి పేర్ల కింద, డెన్నిస్ దగ్గరుండి వేయించాడు: కుర్చీలో, కరుణమ్మ, రిజిస్టర్డ్ నర్స్.