మోటారు కాలిన వారం

శనివారం పొద్దున బాత్రూమ్ కడగబోయే ముందు ఫెబా చున్నీతో ముక్కు కట్టుకుంటుంది. నేలంతా బ్లీచింగ్ పొడి చల్లి, దాని మీద యాసిడ్ పోస్తుంది. బ్లీచింగ్ ఒక్కటే అయితే మధురవాడ బోరు నీళ్లు టైల్స్ మీద మిగిల్చే తెల్లటి చారలు వదలవు, యాసిడ్ ఒక్కటే అయితే వాసన పోదు. రెండూ కలిపితేనే అద్దంలా వస్తుందని పెళ్లయిన కొత్తలో అత్తగారు జయమణి నేర్పిన పద్ధతి. అవి కలిసినప్పుడు లేచే పొగ మంచిది కాదని సైన్సు చదివిన ఫెబాకి తెలియక కాదు. అత్తగారి పద్ధతిని కాదనడం కంటే ముక్కు కట్టుకోవడం తేలికనిపించింది, అంతే. గొంతు పట్టేస్తే బయటికొచ్చి ఇన్‌హేలర్ పీల్చుకుని మళ్లీ లోపలికి వెళ్తుంది. ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది మరి. వచ్చినవాళ్లలో ఒక్కరైనా బాత్రూమ్‌కి వెళ్లకపోరు, ఆ ఒక్కరి కోసం ఈ తెలుపంతా.

ఆమెకి ఆస్తమా ఎందుకొచ్చిందన్న దానికి భర్త డానీ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక పరిశోధన ఉంటుంది. ఫోన్‌లో చదివి భోజనాల దగ్గర వినిపిస్తాడు. ఒకసారి లావు వల్ల అన్నాడు, ఆమె రాత్రి అన్నం మానేసింది. ఇంకోసారి కింది ఫ్లాట్ వాళ్ల పిల్లి వల్ల అన్నాడు, ఆమె ఆ పిల్లిని దగ్గరికి తీయడం మానేసింది. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి ఆందోళన ఎక్కువ, అందువల్ల అన్నప్పుడు మాత్రం ఏదీ మానలేదు. కాలేజీలో బోటనీ చెప్పుకుంటూనే ఉంది. అక్కడ ప్రిన్సిపాల్ గొడవ వేరే. క్లాసులో ఆ పంపు నోట్లో పెట్టుకోకండి మేడమ్, చూడ్డానికి బాగోదు అంటాడు.

డానీ పనిచేసేది బొగ్గు లారీలు తిప్పే ఒక ప్రైవేటు కంపెనీలో. అతని చొక్కాలు విడిగా నానబెట్టాలి, నీళ్లు నల్లగా దిగుతాయి. బొగ్గు దుమ్ముతో ఆస్తమా పెరుగుతుందన్న వ్యాసం ఒకటి ఆమె చూపిస్తే, కళ్లజోడు పైకి తోసుకుని చూసి, శాంపిల్ చిన్నది అనేశాడు. నచ్చని పరిశోధన ఏదైనా అతని చేతిలో పడితే శాంపిల్ చిన్నదైపోతుంది. ప్రేమ లేదని కాదు. ఆమెకి ఆయాసం వస్తే నెబ్యులైజర్ పట్టుకుని పక్కన కూర్చునేది అతనే. జబ్బుకి సేవ చేస్తాడు, జబ్బు తెచ్చే పని మాత్రం ఆమెకే వదిలేస్తాడు.

అన్నిటికంటే ఫెబా దిగులు పాట గురించి. చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో పాడుతోంది. ఈ మధ్య పల్లవి చివర ఎత్తి నిలపాల్సిన చోట ఊపిరి చాలడం లేదు. క్వయర్ పెద్ద సత్యం గారు ఎంతో మర్యాదగా, ఆ చోట నీ పక్కన పాడే అమ్మాయి ఆశ అందుకుంటుందిలేమ్మా అన్నారు. ఆ మర్యాదకే ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది.

అలాంటిది, అపార్ట్‌మెంట్ మోటారు కాలిపోయిన వారం నీళ్లు లేక బాత్రూమ్ కడగలేదు. ఆ ఆదివారం ఆమె గొంతు ఆ చోటికి వెళ్లి నిలబడింది. ఆశ తిరిగి చూసింది. తర్వాతి శనివారానికి మోటారు బాగైంది, ఆమె కడిగింది, ఆదివారం గుండెల్లో మళ్లీ పిల్లికూతలు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే డానీ నవ్వాడు.

"ఒక్క వారంతో ఏటి తెలుస్తాది ఫెబా? శాంపిల్ చిన్నది."

జయమణి కూడా వంటగదిలోంచి దగ్గుతూ, తానూ జీవితమంతా కడిగినదాన్నేననీ, తనకేమీ కాలేదనీ అంది. ఆవిడ దగ్గుని ఆ ఇంట్లో పడిశం అంటారు. ఏడాది పొడుగునా ఉండే పడిశం.

కొన్నాళ్లకి డానీయే ఒక వార్త తెచ్చాడు. ఏళ్ల తరబడి ఇల్లు కడిగే మందులు వాడిన ఆడవాళ్ల ఊపిరితిత్తులు తొందరగా బలహీనపడుతున్నాయట. నిజంగానే కంగారుపడ్డాడు. సాయంత్రం వస్తూ వస్తూ లావెండర్ వాసన కొట్టే హెర్బల్ సీసా కొనుక్కొచ్చి, ఆడవాళ్ల ఊపిరితిత్తులు సున్నితం, ఇకనుంచి దీంతో కడుగు అన్నాడు. మూత తీయగానే ఆమెకి దగ్గొచ్చింది. అంత వార్త చదివిన మనిషికి మార్చాల్సింది సీసా అని తోచింది గానీ, కడిగే చెయ్యి అని తోచలేదు. ఫెబాకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని అసలు వ్యాసం వెతికి, డానీ ఎప్పుడూ వెళ్లని చివరి పేజీ దాకా చదివింది. అక్కడ దొరికిన రెండు వాక్యాలతో రోజంతా హాయిగా గడిచింది.

శనివారానికల్లా యాసిడ్, బ్లీచింగ్, లావెండర్ సీసా మూడూ ఇంట్లో లేకుండా చేసింది. బకెట్‌లో సబ్బునీళ్లు కలిపి, గట్టి బ్రష్ తెచ్చి, పేపరు చదువుకుంటున్న డానీ ముందు పెట్టింది.

"మీరు చెప్పిన పరిశోధన మొత్తం చదివానండీ. మగవాళ్ల ఊపిరితిత్తులకి ఏ నష్టమూ కనబడలేదట."

డానీ ముఖం వెలిగింది. తర్వాత బ్రష్ కనబడింది. "ఎందుకని?" అన్నాడు అనుమానంగా.

దాచాలంటే దాచొచ్చు. నచ్చిన వాక్యం పట్టుకుని మిగతాది వదిలేయడం ఆ ఇంట్లో కొత్త కాదు. కానీ ఫెబాకి రెండో వాక్యమే ఎక్కువ నచ్చింది.

"ఇల్లు కడిగే మగవాళ్లు లెక్కకి చాలినంతమంది దొరకలేదట."

జయమణి ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. గోడ పట్టుకుని నిలబడిన ఆవిడ, ఆ రోజు దాన్ని పడిశం అనలేదు. కోడలి వంక కాసేపు చూసి, కొడుకు వైపు తిరిగింది.

"మీ నాన్న ఒక్కనాడూ సీపురు ముట్టలేదు. నువ్వయినా లెగు. మూలలెలా తోమాలో నాను సెప్తాను."

డానీ లుంగీ ఎగ్గట్టాడు. యాసిడ్ చేసే పని మోచేయి చేయాలంటే ఎంత కష్టమో అతనికి తెలిసొచ్చింది. ఫెబా బాల్కనీలో టీ తాగుతూ, లోపలి బ్రష్ చప్పుడూ అత్తగారి ఆజ్ఞలూ వింటూ, రేపటి పాట సన్నగా అందుకుంది. టైల్స్ మీద చారలు పూర్తిగా పోవు, ఆమెకి తెలుసు. పోకపోతే పోనీ అనుకుంది. అలా అనుకోవడం ఇంత సులువని ఇన్నాళ్లూ తెలియలేదు.

డానీ చెమటలు కక్కుతూ, తన నడుం పట్టుకుని బయటికొచ్చి, "ఈ ఒక్క వారమేనా?" అని అడిగాడు.

"ఒక్క వారంతో ఏటి తెలుస్తాదండీ?" అంది ఫెబా. "శాంపిల్ చిన్నది."