సర్వర్‌కి ఎక్కని నోటీసు

నీటి సరఫరా ఆఫీసులో వెబ్‌సైట్ చూసే ఆవిడకి ఆ పూట తల ప్రాణం తోకకొచ్చింది. పనేమో చిన్నది. మురుగు కలిసింది కాబట్టి ఫలానా పదకొండు వీధుల్లో కుళాయి నీళ్లు తాగవద్దన్న నోటీసు సర్వర్‌కి ఎక్కించాలి, అంతే. తొమ్మిదింటికి ఫైలు చేతికొచ్చింది. పదకొండవుతున్నా తెర మీద "లాగిన్ తప్పు" అన్న ముక్క తప్ప మరోటి రాదు.

ఆ ఆఫీసులో ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఎవరి కంప్యూటరు మొరాయించినా దారిన పోయేవాళ్లంతా ఆగి తలా ఓ చెయ్యి వేస్తారు. గుమాస్తా వచ్చి, "ఏదీ, నన్ను చూడనీ" అంటూ అదే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టాడు. మీటర్ల సూపర్‌వైజరు అన్నీ పెద్దక్షరాల్లో కొట్టాడు. టైపిస్టు తన పుట్టినరోజు కొట్టి చూసింది, ఎందుకో ఆమెకే తెలియాలి. వద్దంటే ముఖం మాడ్చుకుంటారని ఈవిడ కుర్చీ ఖాళీ చేసి ఇస్తూనే ఉంది. చివరికి సర్వర్ ఆ ఒక్క ముక్క చెప్పడం కూడా మానేసింది. అసలు కనెక్షనే కుదరలేదు.

సర్వర్ కంపెనీ మనిషి నలభై నిమిషాలకి ఫోనెత్తాడు.

"మేడం, మీ ఆఫీసు నుంచి ముప్పైసార్లు తప్పు పాస్‌వర్డ్ పడింది. ఎవరో దొంగలనుకుని సర్వర్ మీ ఆఫీసు నెట్‌ని రానివ్వట్లేదు. పాస్‌వర్డ్ పోయిన వారమే మార్చాం కదా, మీ ఆఫీసరుగారికి చెప్పాం."

ఆఫీసరుగారు సెలవులో ఉన్నారు. ఆవిడకి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"కొత్తది పంపిస్తాను. మీ ఫోన్ నెట్ మీద ప్రయత్నించండి."

ఈసారి ఫైలు చిటికెలో ఎక్కింది. పన్నెండున్నర. హమ్మయ్య అనుకుని పేజీ తెరిచి, తప్పులేమైనా ఉన్నాయేమోనని చదవడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి దాన్ని ఎక్కించే గొడవే తప్ప, ఏయే వీధులున్నాయో చూసిన పాపాన పోలేదు. ఏడోది పిన్ని వాళ్ల వీధి. ఆ ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. వెంటనే ఫోన్ చేసింది.

"పిన్నీ, కుళాయి నీళ్లు తాగకండి. పాపకి అసలు పట్టకండి."

"అదేమిటే! రంగు తేడాగా ఉందని పొద్దున్నుంచి మూడుసార్లు మీ సైటు చూశాను. ఏమీ లేదు. ఇందాకే పట్టాను పాపకి."

"కాచి పట్టావా?"

"లేదే. ఏదన్నా ఉంటే నువ్వు పెట్టకుండా ఉంటావా అనుకున్నాను" అంది పిన్ని.